ముగ్గురాయిలో మా తమ్ముడి కాలు

ముందే ఒక మాట చెప్పుకోవాలి. నాకు రాయడం రాదు. జమ్మలమడుగు క్రైస్తవ మిషను బడిలో ఐదో తరగతి దాకా చదివి మానేశాను. ఆ తరవాత చదివింది బైబిలు, రాసింది జీతం రోజు సంతకం. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తియ్యాలో ఇప్పటికీ తడుముకుంటాను. రాసినంతా పక్కింటి టీచరమ్మకు చూపించి దిద్దించుకుందామనుకున్నాను. కానీ ఇందులో ఉన్న సంగతి ఆమెకు చూపించాలంటే భయమేసింది. అందుకే దిద్దకుండానే ఇస్తున్నాను. ఇందులో ఎవరి పేరూ లేదు. అది మాత్రం మరిచిపోయి వదిలింది కాదు.

నేను ఒక కాలేజీలో ఆయమ్మగా పనిచేశాను. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే దారిలో, రోడ్డుకు కొంచెం లోపలగా ఉండేది ఆ కాలేజీ. దాని వెనకవైపు విడిగా ఒక చిన్న బిల్డింగు, అందులో ఒకే ఒక మిషను. బెంగుళూరులో పెద్ద చదువుల వాళ్ళు ఏండ్ల తరబడి వాడుకుని, కొత్తది రాగానే పాతదాన్ని మా కాలేజీకి ఇచ్చేశారు. దాని పేరు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు. ఆ పేరు నా నోట్లో తిరగడానికి చాలా రోజులు పట్టింది.

చూడడానికి బోరు గొట్టాన్ని నిలబెట్టినట్టు ఉండేది. కింద మందపాటి అద్దం. గది చీకటి చేసి మిషను వేస్తే ఆ అద్దం లోపల మిణుగురు పురుగు వెలుగులాగా ఆకుపచ్చగా వెలిగేది. దాన్ని నడిపే మేడమ్ గుంటూరు దిక్కు నుంచి వచ్చింది. చిన్న వయసే, కాలేజీ క్వార్టర్సులో ఒక్కతే ఉండేది. ముగ్గురాయి మీద చదువుతోంది. ముగ్గురాయి అంటే మా ఆడవాళ్ళందరికీ తెలుసు, పొడి చేసి వాకిట్లో ముగ్గేసుకునే తెల్లరాయి. పులివెందుల దిక్కు గనుల్లో తవ్వుతారు. క్రిస్మసుకు మేమూ దాంతోనే నక్షత్రం ముగ్గు వేస్తాం. ఆ రాయిని మేడమ్ మెత్తగా నూరి, కందిగింజంత రాగి జల్లెడ మీద చల్లి, ఆ జల్లెడను మిషను లోపలికి పంపేది.

ఒకరోజు నన్ను పిలిచి చూపించింది.

"ఆయమ్మా, ఏం కనిపిస్తోంది?"

"చేను మాదిరుంది మేడమ్. సాళ్ళు సాళ్ళుగా."

మేడమ్ నవ్వింది. "అవి పరమాణువుల వరసలు. రాయిని ఎంత నూరినా ఇంకా లోపల ఉండే గింజలు. అవి ఇలా వరసల్లో కూర్చుని ఉంటాయి. ఎక్కడో ఒకచోట వరస తప్పుతుంది. ఆ తప్పు ఎక్కడుందో ఫొటో తియ్యడమే నా పని."

ఆ రోజు నాకు వరసలే నిలకడగా కనపడలేదు, ఇక తప్పు ఎక్కడ కనపడుతుంది? గీతలన్నీ నీళ్ళల్లో నీడలాగా ఊగుతున్నాయి. ఆ మిషనుకున్న జబ్బు అదే. అంత చిన్నదాన్ని అంత పెద్దగా చూపిస్తుంది కదా, నేల వెంట్రుకవాసి కదిలినా బొమ్మ చెదిరిపోతుంది. పక్కన ఎవరూ నడవకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. ఫొటో తీసేటప్పుడు మేడమ్ ఏసీ ఆపేసి, ఊపిరి బిగపట్టి, నన్నూ బిగపట్టమనేది. మేం బిగపడితే సరిపోతుందా? చిలమకూరు నుంచి సిమెంటు లారీలు రోడ్డు మీద పోతూనే ఉండేవి. లారీ పోయిన ప్రతిసారీ సాళ్ళన్నీ ఊగేవి. మేడమ్ తల పట్టుకునేది.

ఆ లారీలు ఆగేది ఒక్క రోజే. బంద్ రోజు.

అవి ఫ్యాక్షను రోజులు. ఎలక్షన్లు దగ్గరికొస్తే ఇంకా ఎక్కువ. జెండాలకు పార్టీల రంగులుండేవి కానీ, మా ఊళ్ళల్లో రెండు పార్టీలంటే రెండు ఇండ్లే. ఒక ఇంటి మనిషిని చంపితే ఆ ఇంటివాళ్ళు బంద్ పెట్టేవాళ్ళు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల అన్నీ మూతపడేవి. బస్సు లేదు, లారీ లేదు, మిల్లు లేదు. మిల్లులు ఆగితే కరెంటు కూడా ఎగుడుదిగుడు లేకుండా వచ్చేది. మేడమ్ ఒక బంద్ రోజు ఊరికే మిషను వేసి చూసింది. గీతలు మునుపెన్నడూ లేనంత నిలకడగా నిలబడ్డాయట. మరుసటి రోజు సంబరంగా నాతో అంది.

"ఆయమ్మా, మళ్ళీ బంద్ ఎప్పుడుంటుందో?"

అన్నాక నా మొఖం చూసి నాలుక కరుచుకుంది. మా దిక్కు బంద్ అంటే ఎవరో చచ్చినట్టు అని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ తరవాత ఎప్పుడూ ఆ మాట అడగలేదు. కానీ బంద్ వస్తే మాత్రం మిషను దగ్గరికి నడుచుకుంటూ వచ్చేది. నేనూ వచ్చేదాన్ని.

ఇప్పుడు మా తమ్ముడి సంగతి. మాది కొండాపురం దిక్కు పల్లె. మా నాయన ఒక నాయకుడి చేలల్లో కూలికి పోయేవాడు. అందరూ పెద్దాయన అని పిలిచే ఆ నాయకుడికే మా తమ్ముడు జీపు డ్రైవరయ్యాడు. వాడికి చిన్నప్పటి నుంచి ఒక అలవాటుంది, కూర్చుంటే కాలు ఊపుతాడు. కుడికాలు మడమ లేపి, టకటక టకటక కాసేపు, ఆపి, మళ్ళీ టకటక. మా చిన్నప్పుడు ఒకే నులకమంచం మీద పడుకునేవాళ్ళం. వాడు కాలు ఊపితే ఆ ఊపు నులక వెంబడి వచ్చి నా వెన్నుకు తగిలేది. "కాలు ఇరగ్గొడతా రేయ్" అని మా అమ్మ తిట్టేది. డ్రైవరయ్యాక అందరూ నవ్వేవాళ్ళు, "బండి నిలబడినా వీని కాలు నిలబడదప్పా" అని.

ఒక ఎలక్షన్ల ముందర ఆ నాయకుడిని చంపేశారు. జీపులో పోతుంటే దారిలో కాపు కాసి చంపారు. జీపులో ఉన్నవాళ్ళల్లో ప్రాణంతో బయటపడింది మా తమ్ముడు ఒక్కడే.

బయటివాళ్ళు దీన్ని అదృష్టం అనుకుంటారు. మా దిక్కు అది వేరే. నాయకుడు చచ్చి డ్రైవరు బతికొస్తే, ఆ డ్రైవరే బండి నిలిపి పట్టిచ్చాడని సొంత మనుషులే అంటారు. ఎవరూ విచారించరు, అడగరు. శవం లేచేలోగా డ్రైవరును వెతుకుతారు. మా తమ్ముడికి ఇప్పుడు భయం చంపినవాళ్ళతో కాదు, వాడు అన్నం తిన్న ఇంటివాళ్ళతో.

ఆ మరుసటి రోజు తెల్లవారాక నేను మిషను బిల్డింగు వరండా ఊడుస్తున్నాను. గోడ పక్కన ఎవరో కూర్చుని ఉన్నారు. చొక్కాకు రక్తం ఎండిపోయి ఉంది. చూస్తే మా తమ్ముడు. ఆ రక్తం వాడిదేమో అనుకుని చీపురు పడేసి ఉరికాను.

"నాది కాదక్కా, పెద్దాయనది" అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు కూడా కాలు ఊపుతూనే ఉన్నాడు.

"నువ్వు నిలిపినావా అబ్బీ జీపు?" అని నేనూ అడిగాను. అక్కను, నేనే అడిగాను. వాడు నా మొఖం చూశాడు.

"నేను నిలపలేదు. టైరు పేలింది. అదే నిలిచిపాయె."

మిషను గదికి అవతల సామాను గది ఉంది. పాత చెక్కపెట్టెలు పెట్టేవాళ్ళు. తాళం నా దగ్గరే ఉంటుంది. వాడిని అందులో పెట్టి, మా ఇంటి నుంచి తెచ్చుకున్న సద్ది అన్నం ఇచ్చి, బయట తాళం వేశాను. ఆ రోజంతా నాకు తాళంచెవి నడుములో నిప్పుకణికలా ఉంది. మరుసటి రోజు బంద్. ఆ నాయకుడి కోసమే పెట్టిన బంద్.

మేడమ్ వస్తుందని నాకు తెలుసు. రావద్దు దేవా అని ప్రార్థన చేసుకున్నాను. వచ్చింది.

పొద్దున పది గంటలప్పుడు కిటికీ తెరలు వేసి మిషను మొదలుపెట్టింది. రోడ్డు మీద చీమ లేదు. కుక్కలు కూడా మొరగడం లేదు. నేను మూల స్టూలు మీద కూర్చున్నాను. మేడమ్ అద్దం మీదికి వంగి, చక్రాలు తిప్పి, ఒక్కసారిగా ఊపిరి పీల్చింది.

"దొరికింది ఆయమ్మా! ఇక్కడే ఉంది. కానీ… ఇదేమిటి, ఊగుతోంది?"

ఏసీ ఆపింది. నీళ్ళ పంపు ఆపింది. ఫ్యాను లేనే లేదు. "లారీల్లేవు, మిల్లుల్లేవు. ఎందుకు ఊగుతోంది? నువ్వొకసారి చూడు."

నేను పోయి వంగాను. గీతలు ఊగుతున్నాయి. టకటక టకటక. ఆగాయి. మళ్ళీ టకటక.

నా వెన్నుకు తగిలింది ఆ ఊపు. ఎన్నేండ్ల కిందటి నులకమంచం ఊపు. గోడ అవతల చెక్కపెట్టె మీద కూర్చుని మా తమ్ముడు కాలు ఊపుతున్నాడు. అది ఈ అద్దంలో కనపడుతోంది. తాళం వేశాను, అన్నం కూడా కొంగులో దాచి తెచ్చాను. కాలును దాచలేదు నేను.

"ఎలుకలేమో మేడమ్" అన్నాను.

"ఎలుకలు ఇంత తాళంగా నడవవు."

ఆమె ఒక స్టీలు పళ్ళెంలో నీళ్ళు పోసింది. లారీ ఊపు ఎటు నుంచి వస్తోందో తెలుసుకోవడానికి మునుపు కూడా ఇట్లాగే చేసేది. పళ్ళెం నేల మీద పెట్టి, టార్చిలైటు వేసి, నీళ్ళ వెలుగు గోడ మీద పడేలా చేసేది. నేల ఊగితే గోడ మీద వెలుగు వణికేది. పళ్ళెం నాకిచ్చింది. నేను ఎత్తగానే నీళ్ళన్నీ తొణికాయి.

"నీ చేతులే వణుకుతున్నాయి, కింద పెట్టు ముందు."

కిటికీ కింద పెట్టింది. వెలుగు కొంచెమే కదిలింది. మిషను కాళ్ళ దగ్గర పెట్టింది. ఇంకొంచెం. అవతలి గోడ పక్కన పెట్టింది. టకటక టకటక అని గోడ మీద వెలుగు ఆడింది. మేడమ్ నావైపు చూసింది. నేను తాళంచెవి మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. ఇంక చెప్పేదేముంది. వరండాలోకి పోయి తాళం తీశాను.

వాడు లేచి చేతులు జోడించాడు. మేడమ్ రెండడుగులు వెనక్కి వేసింది.

"ఎవరితను?"

"మా తమ్ముడు మేడమ్."

ఆమె వాడి చొక్కా చూసింది. "పేపర్లో రాశారే, డ్రైవరు కనపడలేదని…"

"నేనేం చెయ్యలేదు మేడమ్. టైరు పేలింది. మీ కాళ్ళకు మొక్కుతా, ఎవురికీ చెప్పొద్దు."

మేడమ్ నావైపు తిరిగింది. "నాకెందుకు చెప్పలేదు ఆయమ్మా?"

"చెప్తే మీరు గూడా భయపడతారని."

"ఇప్పుడు భయపడట్లేదా నేను?"

పొమ్మంటే యాడికి పోతాడు? బంద్ రోజు రోడ్డు మీద ఒక్క మనిషి నడిస్తే ఊరంతా చూస్తుంది. మేడమ్ ఆ సంగతి అనుకున్నట్టుంది. దాంతోపాటు అద్దంలో ఉన్న రాయినీ తలుచుకున్నట్టుంది. ఆ వెలుగులో ఎక్కువసేపు పెడితే ముగ్గురాయి గింజ చెడిపోతుంది.

"లోపలికి రా. నా కళ్ళ ముందు కూర్చో. కాలు ఊపావంటే మాత్రం నేనే పట్టిస్తాను."

"అలవాటు మేడమ్. బండి దిగినా క్లచ్చి దిగదు నాకు."

ఆ భయంలోనూ మేడమ్‌కు నవ్వొచ్చింది. మిషనుకు వెనకాల, గోడకూ బీరువాకూ మధ్య సందులో వాడిని నేల మీద కూర్చోబెట్టాం. మోకాళ్ళు కావలించుకుని కూర్చున్నాడు. దీపం ఆపితే వాడు లేనట్టే. మళ్ళీ అద్దం చూశాం. గీతలు నిలబడ్డాయి. పెన్సిలుతో గీసినట్టు సాలు పక్కన సాలు, సాలు పక్కన సాలు. నడుమ ఒకచోట ఒక సాలు సగంలోనే ఆగిపోయింది. దానికి అటూ ఇటూ ఉన్నవి వంగి ఆ సందు మీదికి జరిగాయి. అంత భయంలోనూ నాకు అది బాగా గుర్తుంది.

మేడమ్ ఫొటో మీట మీద చెయ్యి వేసింది. అంతలో బొమ్మంతా ఒక్కసారి చెదిరింది.

"మళ్ళీ కాలా?"

"నేను కాదు మేడమ్" అన్నాడు తమ్ముడు చీకట్లోంచి. కొంచెం ఆగి, "బండి వస్తాంది" అన్నాడు.

మాకు ఏ చప్పుడూ వినపడలేదు. గీతలు మాత్రం అంతకంతకూ ఎక్కువ ఊగుతున్నాయి. బంద్ రోజు బండి తిప్పేది పోలీసులు, లేదంటే బంద్ పెట్టినవాళ్ళు. తరవాత దూరంగా డీజిలు జీపు చప్పుడు వినపడింది. వాడిని సామాను గదికి తీసుకుపోవాలంటే వరండా దాటాలి. అప్పటికే జీపు గేటు దాటింది.

నేను వరండాలోకి వచ్చి తలుపు దగ్గరికి వేశాను. జీపులోంచి కుర్రవాళ్ళు కట్టెలు పట్టుకుని దూకారు.

"ఏమ్మే, పెద్దాయన శవం ఇంగా లేయనేలేదు, మీరు మిషన్లు తిప్పుతాండారా?"

"లేదు నాయనా, ఊడుస్తాండా."

"ఊడ్చేదానికి ఎర్ర లైటెందుకే?" మిషను నడిచేటప్పుడు ఎవరూ లోపలికి రాకుండా తలుపు మీద వేసే ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. ఆపడం మరిచిపోయాను.

ఒకడు మెట్లెక్కాడు. మెట్ల పక్కన స్టీలు క్యాను ఉంది. మిషను లోపల గడ్డకట్టేంత చల్లదనం కావాలి, దానికి మేడమ్ ప్రొద్దుటూరు నుంచి ఆ క్యానులో నైట్రోజను అనే మంచుకంటే చల్లటి ద్రవం తెప్పించేది. పొద్దున అందులోంచి పోసుకుని మూత సరిగ్గా పెట్టలేదు. తెల్లటి పొగ బయటికొచ్చి మెట్ల మీద పారుతోంది.

"పొగ! అన్నా, పొగొస్తాంది! బాంబుల క్యానురోయ్!"

కుర్రవాళ్ళందరూ జీపు వెనక్కి ఉరికారు. ఒకడి చెప్పు మెట్ల మీదే ఉండిపోయింది. జీపులో ఒక పెద్ద వయసు ఆయన ఉన్నాడు, తలగుడ్డ చుట్టుకుని. ఆయన మెల్లగా దిగి, క్యాను చూసి, థూ అని ఉమ్మేశాడు.

"బాంబు కాదు, మీ మొఖాలు. పశువుల డాక్టరు బర్రెలకు ఎదసూది యేసేదానికి తెస్తాడు చూడండి, అదే క్యాను. మీ ఇంటి బర్రె ఈనిందంటే దీని సలవే. ఈ ధైర్యంతోనే పగ తీర్చుకుంటారంటరా మీరు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. అంతలోనే ఆపేశారు. జీపు ముందు సీట్లోంచి చచ్చిపోయినాయన తమ్ముడు దిగాడు. చిన్నాయన అనేవాళ్ళు. కాళ్ళకు చెప్పుల్లేవు, కండ్లు వాచిపోయి ఉన్నాయి. ఈ మనిషే మా తమ్ముడిని వెతికిస్తున్నాడని రెండు రోజులుగా అందరూ చెప్పుకుంటున్నారు.

"ఏం చేస్తాండారు లోపల?" మెల్లగానే అడిగాడు.

మేడమ్ బయటికొచ్చింది. "ముగ్గురాయిని చూస్తున్నామండీ. మీ పులివెందుల వైపు రాయి."

"మాకు గని ఉండాది ఆడ. ముగ్గురాయిలో సూసేదేముంది?"

"లోపలి వరసలండీ" అంది.

"సూపీ."

వద్దంటే అనుమానం. మేడమ్ తలుపు సగమే తీసి, "ఒక్కరే రండి. ఎక్కువమంది వస్తే బొమ్మ ఊగిపోతుంది" అంది. చిన్నాయన చెయ్యెత్తి కుర్రవాళ్ళను ఆపి లోపలికొచ్చాడు. వెనకే నేను వచ్చి, ఆయనకూ బీరువా సందుకూ మధ్యలో నిలబడ్డాను. తలుపు మూసేసరికి కటిక చీకటి. మా తమ్ముడు నా మడమల వెనక, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర ఉన్నాడు. వాడి ఊపిరి నాకు వినపడుతోంది. ఆయనకూ వినపడుతుందేమోనని నేను గట్టిగా ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టాను.

ఆయన అద్దం మీదికి వంగాడు. మొఖం ఆకుపచ్చగా వెలిగింది. మీసం, బుగ్గల మీద ఎండిన కన్నీళ్ళ చారలు, అన్నీ కనపడ్డాయి.

"ఇదేందమ్మా, ఇత్తనం యేసిన చేను మాదిరుండాది."

"అవునండీ."

"ఈడ…" వేలు అద్దం మీద పెట్టాడు. "ఈడ ఎవురో నడిచేన్లో మడక ఎత్తేసి పోయినారే."

"అదేనండీ నేను వెతికేది."

చాలాసేపు వంగే ఉన్నాడు. "ఈ సగం సాలు ఎప్పటికైనా నిండుతాదా?"

"నిండదండీ. పక్క సాళ్ళే కొంచెం వంగి సర్దుకుంటాయి."

అప్పుడు గీతలు ఊగాయి.

టకటక టకటక. ఆగి, టకటక.

నేను వెనక్కి కాలు పెట్టి వాడి పాదం తొక్కాను. ఆగింది. మళ్ళీ మొదలైంది. వాడి చేతిలో లేదు అది. చిన్నాయన అద్దంలోకే చూస్తున్నాడు. మేడమ్ గబుక్కున, "ఫొటో తీస్తున్నాను, ఎవరూ కదలకండి" అని మీట నొక్కింది. ఆ మీట నొక్కితే లోపలి తెర పైకి లేస్తుంది, అద్దంలో వెలుగు ఆరిపోతుంది. ఊపు ఆయనకు కనపడకూడదని నొక్కింది. గదంతా నల్లగా అయిపోయింది.

"నేనే సామీ, కాలు తిమ్మిరెక్కింది" అన్నాను. నేల మీద కాలు కొట్టాను కూడా.

చీకట్లోంచి ఆయన గొంతు వచ్చింది. "నీ కాలు కాదుమ్మా అది."

ఆ మాట విన్నాక నేను చచ్చిపోయాననే అనుకున్నాను. ఆయన ఒక్క కేకేస్తే చాలు, బయట కట్టెలున్నాయి, కట్టెల కంటే పెద్దవి జీపులో ఉన్నాయి.

"మా అన్న ముందర కూసునేటోడు, నేను యెనకాల. ఎన్ని ఏండ్లో, ఆ పొద్దు మాత్రం నేను బండ్లో లేను. బండి నిలబడితే సాలు, ఈ ఊపు నా సీటు దాకా వచ్చేది. మానుకోరా అని ఎన్నిమార్లు తిట్టినామో." గొంతు ఇంకా తగ్గించాడు. "జీపు మా దొడ్లోనే ఉండాది. టైరు నేను సూసినా. మేకుల పలక దిగబడుండాది. వాడు నిలపలేదు. నాకు తెల్సు."

తలుపు వైపు తిరిగాడు కాబోలు, ఆయన గొంతు ఈసారి అటు నుంచి వచ్చింది.

"బయట పిల్లోల్లు టైరు సూడరు. నేను సెప్తే ఇనరు. నేనూ పిరికోన్నైనానంటారు. ఈ పొద్దు ఆపుతా. రేపు నా చేతిలో ఉండదు. వాడు యాడన్నా కనపడితే చెప్పుమ్మా, ఈ దిక్కు మల్లా రావద్దని. వచ్చినాడంటే వాన్ని నరికేదానికి నేనే ముందర నిలబడాల్సొస్తాది."

"చెప్తా సామీ" అన్నాను. ఏడుపు ఆపుకోవడానికి కొంగు నోట్లో పెట్టుకున్నాను.

మేడమ్ తెర దించింది. ఆకుపచ్చ వెలుగు మళ్ళీ వచ్చింది. ఆయన నా వెనక్కి చూడలేదు. కావాలనే చూడలేదు. తలుపు తీసుకుని బయటికి పోయాడు.

"ఏముందన్నా లోపల?" ఎవరో అడిగారు.

"గుడ్డి చీకటి. రాయి సూస్తాండారంట. తలుపులేసుకోమన్నా, పాండి."

"సామాను గది సూడొద్దా అన్నా?"

"తెరిసే ఉంది గదరా, కండ్లు లేవా నీకు? జీపెక్కు."

జీపు పోయింది. అద్దంలో గీతలు చాలాసేపు ఊగి ఊగి నెమ్మదించాయి. మేడమ్ నేల మీద చతికిలపడింది. మా తమ్ముడు సందులోంచి బయటికి రాలేకపోయాడు, మోకాళ్ళు బిగుసుకుపోయాయి. చెయ్యి పట్టి లాగాను. చొక్కా కాలరు పండ్ల మధ్య పెట్టుకుని కొరికినట్టున్నాడు, చిరిగి ఉంది.

ఆ గింజ అప్పటికే చెడిపోయింది. అంత చక్కటి సగం సాలు మేడమ్‌కు మళ్ళీ దొరకడానికి చాలా నెలలు పట్టింది. ఆ సంగతి నన్ను ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు.

రేపు నా చేతిలో ఉండదని ఆయన చెప్పాడు కదా, తెల్లవారగానే వాడిని పంపించేశాం. ఆ రోజు శనివారం. బంద్ అయిపోయింది, గండి ఆంజనేయస్వామి దగ్గరికి పోయే జనంతో బస్సులు కిక్కిరిసిపోయాయి. వాడికి గడ్డం మీసం గీయించి, మేడమ్ తెచ్చిన చొక్కా తొడిగించి, నుదుటి మీద సిందూరం పెట్టాను. మా వంశంలో నుదుటి మీద బొట్టు పెట్టుకున్న మొదటి మగవాడు వాడే అనుకుంటాను.

"యేసయ్య ఏమనుకుంటాడో అక్కా" అన్నాడు.

"ఆయనకు అన్నీ తెల్సులే. బిరీన బస్సెక్కు."

గండిలో దిగకుండా పులివెందుల పోయి, అక్కడి నుంచి కదిరి, కదిరి నుంచి ఇంకా దూరం పోయాడు. కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు కదిలేటప్పుడు నేను వాడి మొఖం చూడలేదు, కాలు చూశాను. కాలు మీద కాలు వేసి, పై కాలు కిందికాలును నొక్కిపెట్టి కూర్చున్నాడు.

కొన్నాళ్ళ తరవాత మేడమ్ ఫొటోలు కడిగింది. అందులో ఒకటి నాకిచ్చింది. చీకట్లో నొక్కిన ఫొటో.

"ఇది చదువుకు పనికిరాదు ఆయమ్మా. గీతలన్నీ రెండేసిగా పడ్డాయి. ఊపు వల్ల. ఇది మీ తమ్ముడి కాలు, నువ్వే ఉంచుకో."

నిజమే. ప్రతి సాలు పక్కనే దాని నీడ ఇంకో సాలులాగా ఉంది. నడుమ ఆ సగం సాలు కూడా రెండుగానే ఉంది. ఇంటికొచ్చినవాళ్ళు చూసి, ఏ ఊరి నేత చీరమ్మా అని అడుగుతారు. ఒక ఆమె, పోగు తెగింది చూసుకోలేదా కొనేటప్పుడు అంది. అవునని తల ఊపాను.

మా పల్లె ఇప్పుడు గండికోట డ్యాము నీళ్ళ కింద ఉంది. రెండు ఇండ్లవాళ్ళకూ ఒకే కాలనీలో స్థలాలిచ్చారు. చిన్నాయన జబ్బు చేసి పోయాడు. శవాన్ని చూడడానికి పోయాను, కాళ్ళ దగ్గర నిలబడి మొక్కుకున్నాను. ఎవరు నువ్వు అని అడిగారు, కాలేజీ ఆయమ్మను అని చెప్పాను. మా తమ్ముడు బతికే ఉన్నాడు. ఫోన్ చేస్తాడు. మనవళ్ళు పుట్టారు. వాడున్న ఊరి పేరు మాత్రం ఇప్పటికీ రాయలేను. ఆ రోజు జీపులో వచ్చిన కుర్రవాళ్ళు ఇప్పుడు పెద్దమనుషులయ్యారు, కొందరు ఇదే కాలనీలో ఉన్నారు, కనపడితే బాగుండావా అమ్మా అని పలకరిస్తారు. బాగుండా నాయనా అంటాను. ఇంటికొచ్చి తలుపు గడియ పెట్టుకుంటాను.

ఇది రాసేటప్పుడు కూడా రోడ్డు మీద జీపు పోతే పెన్ను ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టిన చోట ఒకే మాట రెండుసార్లు రాసి ఉంటాను. గీత వంకర పోయి ఉంటుంది. ఒత్తులు పోయి ఉంటాయి. చదివే పెద్దలు మనసులో పెట్టుకోవద్దు. ఆ ఫొటోలాగే ఇదీ భయంలో తీసిందని తలుచుకుని, నా తప్పులు మన్నించండి.